పండుగ దాటి వచ్చిన మన్నింపు

తమ్ముడూ,

అస్సలాము అలైకుం.

నీ కథ అందింది. షెడ్డులో పనిచేసే మెకానిక్ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకి కూర్చుంటే, అతని గోళ్ల సందుల్లో గ్రీజు చూసి పక్కనున్న పెద్దమనిషి కాస్త ఎడంగా జరిగాడే, ఆ ఒక్క ముక్క చాలు నీకు రాయడం వచ్చని చెప్పడానికి. అందుకే ఈ ఉత్తరం పొడుగ్గా రాస్తున్నాను. రాయడం రానివాళ్లకైతే "బాగుంది, రాస్తూ ఉండు" అని ఊరుకుంటాను.

నా పేచీ అంతా చివరి పేజీతోనే. ఏళ్ల తరబడి తాగుతూ మసీదు వైపు చూడనివాడు, చెల్లెలి పెళ్లికని దాచిన డబ్బు కూడా తగలేసినవాడు, రంజాన్ ఇరవై ఏడో రాత్రి మసీదులోకి వస్తాడు. రాత్రి తరావీహ్ నమాజులో, ఖురాన్ కంఠస్థమైన హాఫిజ్ సాబ్ "అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి" అన్న ఖురాన్ ఆయత్ అందుకుంటాడు. ఇతను వెక్కివెక్కి ఏడుస్తాడు. తెల్లారేసరికి కొత్త మనిషి. పండుగనాడు ఈద్గాలో తెల్లకుర్తా. ఏటా రంజాన్ సంచికల్లో ఈ కథ చదువుతూనే ఉన్నాను. హీరో మారతాడు, ఊరు మారుతుంది, ఇరవై ఏడో రాత్రి మాత్రం మారదు.

ముందు చిన్న విషయం తేల్చేద్దాం. ఆ ఆయత్ జుమర్ అధ్యాయంలో 53వది, ఖురాన్ ముప్పై పారాల్లో ఇరవై నాలుగో పారాలో వస్తుంది. మన మసీదుల్లో చాలాచోట్ల ఇరవై ఏడో రాత్రికి తరావీహ్‌లో ఖురాన్ పారాయణం ఖతం, అంటే పూర్తి, చేస్తారు కాబట్టి ఆ రాత్రి వినిపించేవి చివరి పారాలోని చిన్న సూరాలు. నీ మెకానిక్ ఆ ఆయత్‌ని ఆ రాత్రే తరావీహ్‌లో వినడం కుదరదు. ఇమామ్ సాబ్ ప్రసంగించే బయాన్‌లోనైనా చెప్పించు, లేదా మూడు నాలుగు రోజుల ముందే వినిపించు. ముందే వినిపిస్తే ఇంకా మంచిది. విని, అర్థం కాక, ఏడుపూ రాక, ఇంటికెళ్లి పడుకోనీ. అరబీ చెవిన పడగానే కన్నీళ్లు కారడం కథల్లో ఉన్నంత తేలిక కాదు బయట.

ఇక అసలు సంగతి. ఆశ గురించి రాశానన్నావు. నీ కథలో నిరాశ ఎక్కడుంది? తాగుడుంది, అప్పులున్నాయి, భార్య తిట్లున్నాయి. నిరాశ లేదు. నిరాశ అంటే "నాలాంటి వాడికి ఇక దారి లేదు" అని మనిషి తనకు తాను తీర్పు చెప్పేసుకోవడం. రంజాన్‌లో దానికి ఒక ప్రత్యేకమైన పదును వస్తుంది. ఈ నెలలో స్వర్గద్వారాలు తెరుస్తారు, నరకద్వారాలు మూస్తారు, షైతాన్లను గొలుసులతో బంధిస్తారు అని ప్రవక్త (స) చెప్పిన హదీసు. మొదటి వరసలో కూర్చున్నవాళ్లకు అది శుభవార్త. పదో రోజాకే జారిపోయి మళ్లీ సీసా పట్టినవాడికి అదే గుండెల్లో దిగుతుంది: "షైతాన్ కట్టేసి ఉన్నాడు కదా, మరి ఈ పని చేసిందెవరు?" మిగతా పదకొండు నెలలూ నెపం వేయడానికి ఒకడున్నాడు. ఈ నెల వాడూ లేడు. రంజాన్ దొరికి కూడా మన్నింపు పొందనివాడు నష్టపోయాడన్న హదీసు ఏటా బయాన్‌లో వింటాం. చెప్పుల దగ్గర, చివరి వరసలో నిలబడ్డవాడికి అది ఎలా వినిపిస్తుందో రాయి. అది రాస్తే ఆశ తలెత్తడానికి చోటు దొరుకుతుంది.

మన దగ్గర ఉన్న పాత కథనాలే చూడు, ఎంత ఒడుపుగా చెప్పారో. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉన్న సంఘటన ఇది. రంజాన్‌లో ఒకాయన దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి "నేను నాశనమైపోయాను" అన్నాడు. రోజాలో ఉండగా భార్యతో కలిశాడు. ఒక బానిసను విడిపించగలవా? లేదు. వరసగా రెండు నెలలు ఉపవాసం ఉండగలవా? లేదు. అరవై మంది పేదలకు అన్నం పెట్టగలవా? అదీ లేదు. కూర్చున్నాడు. ఇంతలో ఎవరో ఒక గంపెడు ఖర్జూరాలు తెచ్చారు. "ఇవి తీసుకెళ్లి దానం చెయ్యి" అన్నారు ప్రవక్త (స). ఆయన ఏమన్నాడో చూడు: "నాకన్నా పేదవాడికా? మదీనాకు ఈ చివర నుంచి ఆ చివర దాకా మా ఇంటికన్నా పేద ఇల్లు లేదు!" ప్రవక్త (స) కోరపళ్లు కనబడేలా నవ్వారు. "అయితే నీ ఇంటివాళ్లకే పెట్టు" అన్నారు.

తన మీద తానే నేరం మోపుకుంటూ వచ్చినవాడు పళ్ల గంపతో ఇంటికి వెళ్లాడు. ఆ పరిహారం అతని మీద బాకీగా మిగిలిందా, మాఫీ అయిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాళ్లను వాదించుకోనీ. నువ్వు ఆ నవ్వు చూడు. మనం కారుణ్యం గురించి రాయాలనగానే గొంతు బరువెక్కించి, వెనకాల సన్నాయి పెట్టేస్తాం. ఇక్కడ కారుణ్యం నవ్వుతూ వచ్చింది. నీ కథ మొత్తంలో ఒక్కరూ నవ్వలేదు తమ్ముడూ. గంజి గిన్నె పట్టుకుని మగ్రిబ్ అజాన్ కోసం గోడ గడియారం చూసే పిల్లలున్న మసీదులో ఒక్కరూ నవ్వకపోవడం ఏమిటి?

అంతకన్నా పెద్ద పాఠం కఅబ్ బిన్ మాలిక్ (రజి) దగ్గర ఉంది. ఆయన మన కులస్థుడే, అంటే కవి. ప్రవక్త (స) పక్షాన నిలిచిన ముగ్గురు పేరున్న కవుల్లో ఒకరు. హిజ్రీ 9లో, అంటే 630లో, తబూక్ దండయాత్రకు పిలుపు వచ్చింది. ఎండాకాలం, పళ్లు పండే రోజులు, చెట్ల నీడ హాయిగా ఉంది. కఅబ్ దగ్గర అప్పుడు రెండు ఒంటెలున్నాయి, చేతిలో డబ్బుంది. రోజూ పొద్దున్నే ప్రయాణానికి సిద్ధమవుదామని వెళ్లేవాడు, ఏమీ చేయకుండా తిరిగొచ్చేవాడు. "ఎప్పుడనుకుంటే అప్పుడు చేసేయగలను కదా" అనుకునేవాడు. సైన్యం వెళ్లిపోయింది. రేపు కలుసుకుంటాలే అనుకున్నాడు. ఆ రేపూ దాటిపోయింది. ఘోరమైన పాపాల గురించి ఎవరైనా రాస్తారు. ఈ వాయిదాని ఇంత వివరంగా తన నోటితో తానే చెప్పుకున్నవాళ్లు తక్కువ.

సైన్యం తిరిగొచ్చింది. వెళ్లనివాళ్లు ఎనభై మందికి పైగా వచ్చి ఒట్లు పెట్టి సాకులు చెప్పారు. ప్రవక్త (స) వాళ్ల మాట పైకి ఒప్పుకుని, లోపలి సంగతి అల్లాహ్‌కు వదిలేశారు. కఅబ్ వంతు వచ్చింది. ఆయన అన్న మాటల సారం ఇది: నాకు మాట నేర్పు ఉంది, ఇంకెవరి ముందు కూర్చున్నా ఏదో ఒక సాకుతో బయటపడేవాణ్ని, కానీ నాకు ఏ సాకూ లేదు. మాటలతో బతికే మనిషి మాటల్ని పక్కన పెట్టిన చోటు అది. నువ్వూ నేనూ గోడ మీద రాసి పెట్టుకోవలసింది.

తర్వాత యాభై రోజులు. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదని ప్రవక్త (స) ఆజ్ఞ. ఆయనతో పాటు నిజం చెప్పిన మురారా, హిలాల్ బిన్ ఉమయ్యా ఇళ్లలో కూర్చుని ఏడ్చారు. కఅబ్ వయసులో ఉన్నవాడు, బజారులో తిరిగేవాడు, జమాఅత్‌తో నమాజుకు వచ్చేవాడు. ప్రవక్త (స)కు సలాం చేసి, ఆయన పెదవులు కదిలాయా లేదా అని చూసేవాడు. పక్కనే నమాజు చేస్తూ దొంగచూపులు చూసేవాడు. ప్రాణంగా చూసుకునే బంధువు అబూ ఖతాదా తోట గోడ ఎక్కి దిగి సలాం చేస్తే, ఆయన బదులివ్వలేదు. పరాయి రాజ్యమైన గస్సాన్ రాజు నుంచి ఉత్తరం వచ్చింది: మా దగ్గరికి రా, ఆదరిస్తాం అని. కఅబ్ దాన్ని పొయ్యిలో పడేశాడు. నలభయ్యో రోజున భార్యకు కూడా దూరంగా ఉండమన్నారు. భూమి ఇంత విశాలమైనదై ఉండీ వాళ్లకు ఇరుకైపోయింది అంటుంది ఖురాన్, తౌబా అధ్యాయం 118వ ఆయత్‌లో.

నేను నీకు ఈ కథ ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు విను. ప్రవక్త (స) తబూక్ నుంచి మదీనా చేరింది రంజాన్ నెలలో అని ఆయన జీవితచరిత్రలైన సీరా గ్రంథాలు చెబుతాయి. లెక్కేసుకో. వెలి అప్పుడు మొదలైతే, యాభై రోజులు పూర్తయ్యేలోపు రంజాన్ పండుగ ఈదుల్ ఫిత్ర్ వచ్చి వెళ్లిపోయి ఉండాలి. ఊరంతా ఒకరికొకరు సలాములు చెప్పుకునే రోజున కఅబ్ సలాంకు బదులు లేదు. ఆ పండుగ గురించి ఆయన కథనంలో ఒక్క ముక్క కనబడదు. మన్నింపు మనం షబే ఖద్ర్‌గా జరుపుకునే ఇరవై ఏడో రాత్రి రాలేదు, ఈద్ నాడు రాలేదు. ఎప్పుడో పండుగ దాటాక, ఒక మామూలు పొద్దున, ఇంటి కప్పు మీద ఫజ్ర్ నమాజు చేసి కూర్చుని ఉంటే, సల్అ కొండ మీద నుంచి ఎవరో గొంతెత్తి "కఅబ్ బిన్ మాలిక్, శుభవార్త!" అని కేకేశారు. సజ్దాలో పడిపోయాడు. వార్త తెచ్చినవాడికి ఒంటి మీది బట్టలు ఇచ్చేశాడు, వేరే బట్టలు అరువు తెచ్చుకుని కట్టుకుని మసీదుకు వెళ్లాడు. అక్కడ ప్రవక్త (స) సహచరుడు తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చెయ్యి కలిపాడు. ముసలితనంలో చూపు పోయాక, తన చెయ్యి పట్టుకుని నడిపించే కొడుకుకి ఈ కథంతా చెబుతూ కూడా, తల్హా లేచి రావడం నేను మరచిపోలేను అన్నాడు కఅబ్.

ఆశ ఆ యాభయ్యో పొద్దున లేదు తమ్ముడూ. అది ఫలం. ఆశ ఉన్నది ఇరవయ్యో రోజున, బదులు రాని సలాం మళ్లీ చేయడంలో. ముప్పయ్యో రోజున, ఇంకో రాజు పిలుపుని పొయ్యిలో పడేయడంలో. నీ మెకానిక్‌కి ఆ మధ్య రోజులు లేవు. వచ్చాడు, ఏడ్చాడు, అయిపోయింది. అతను ఒక రాత్రి ఏడ్చి, మర్నాడు మళ్లీ జారి, సిగ్గుతో ఆ పైరోజు అసర్ నమాజుకు వచ్చి, వజూ దగ్గర అదే పెద్దమనిషి మళ్లీ ఎడంగా జరిగితే, అయినా కూర్చుంటే, అప్పుడు నాకు కథ కనిపిస్తుంది.

కారుణ్యాన్ని చివరి పేజీకి దాచిపెట్టకు. ఖురాన్ బఖరా అధ్యాయంలో 183 నుంచి 187వ ఆయత్ దాకా ఉపవాసాల సంగతి: ఎవరు ఉండాలి, రోగికి, ప్రయాణికుడికి ఏ వెసులుబాటు, తెల్లవారుజామున ఎప్పటిదాకా తినొచ్చు. ఆ నియమాల నడుమ 186లో ఉపవాసం మాటే లేదు. నా దాసులు నా గురించి అడిగితే, నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడి పిలుపుకు బదులిస్తాను అంటాడు అల్లాహ్. ఆ వెంటనే 187లో మళ్లీ నియమాలు. సహరీ, ఇఫ్తార్ లెక్కల మధ్య ఉంది ఆ మాట. నీ కథలోనూ అంతే, ఎక్కడో మధ్యలో, పాత్ర గమనించకుండానే ఒక చల్లటి చెయ్యి తగిలి పోనీ.

ఇంకొకటి, ఇది కాస్త కటువుగానే చెబుతాను. చెల్లెలి డబ్బు ఏమైంది? కన్నీళ్లతో అల్లాహ్ బాకీ తీరవచ్చు. మనుషుల బాకీ మనుషులకే తీర్చాలి. దైవమార్గంలో ప్రాణమిచ్చిన షహీద్‌కు సైతం అన్నీ మన్నిస్తాడు గానీ అప్పు మన్నించడని హదీసు. నీ హీరోని పండుగనాడు తెల్లకుర్తాలో ఈద్గాకు పంపావు, చెల్లెలి గడపకు పంపలేదు. ఆ అమ్మాయి కథ చదివితే ఏమనుకుంటుంది? పూర్తి డబ్బు దొరకనక్కర్లేదు. మొదటి ఐదువందలు తీసుకెళ్లి, తలుపు దగ్గర ఏం మాట్లాడాలో తెలియక నిలబడితే చాలు. అలాగని ఆమె వెంటనే కౌగిలించుకోవాలనీ లేదు. దేవుడి కారుణ్యం రాస్తున్నామని మనుషులందరినీ కరిగించేయకు.

"మొదటి పది రోజులు కారుణ్యం, నడిమి పది మన్నింపు, చివరి పది నరకం నుంచి విముక్తి" అన్న వాక్యాన్ని మూడు భాగాలకు శీర్షికలుగా పెట్టావు. ప్రతి క్యాలెండర్ మీదా ఉంటుంది, నిజమే. దాని సనద్, అంటే ఒకరి నుంచి ఒకరు చెప్పుకుంటూ వచ్చిన వరస, బలహీనమని హదీసు పండితులు ఎప్పుడో చెప్పారు. తీసేయి. పదకొండో రోజున మసీదుకొచ్చినవాడికి కారుణ్యం కోటా అయిపోయిందనిపించేలా ఎందుకు రాయాలి?

మెకానిక్ తల్లిని రెండు పేరాల్లో వదిలేశావు గానీ ఆమె నన్ను వదల్లేదు. షుగరు జబ్బుతో రోజా ఉండలేక, కోడలు చూడకుండా వంటింట్లో మాత్ర మింగి రొట్టె ముక్క తిని కళ్లు తుడుచుకుంటుంది. రోగికి ఖురానే వెసులుబాటు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివాళ్లు రోజుకొక పేదవాడికి భోజనం పెట్టి ఫిద్యా తీర్చుకుంటారు. ఆమె చేసిన తప్పేమీ లేదు, అయినా తనను బయటికి నెట్టేసినట్టు కుమిలిపోతోంది. ఈ కథలో ఇరికించకు, ఆమెకు వేరే కథ రాయి. రాయకపోతే నేనే రాసేస్తాను, తర్వాత నన్ననకు.

ఇక ఆ పక్కకు జరిగిన పెద్దమనిషి. అతణ్ని దుర్మార్గుడిగా చూపించాలన్న తొందర నీలో కనబడుతోంది. తొంభై తొమ్మిది మందిని చంపినవాడి హదీసు నీకు తెలుసు. మన్నింపు దొరుకుతుందా అని ఆ హంతకుడు అడిగితే, నీకు తౌబా దారి లేదని చెప్పిన సన్యాసి చెడ్డవాడు కాదు, భక్తుడే. పాపం చూసి జడుసుకున్నాడు, అంతే. ఆ మాటతో అతనే ఆ హంతకుడి చేతిలో నూరోవాడయ్యాడు. నీ పెద్దమనిషి కూడా భక్తుడే కావచ్చు, ఏళ్లుగా ఒక్క రోజా వదలనివాడు కావచ్చు. అతనికి కూడా ఒక పేజీ ఇవ్వు.

రోజా, సహరీ, ఫిత్రా అన్న ప్రతిసారీ పక్కన బ్రాకెట్లలో అర్థాలు పెట్టావు. అవసరం లేదు. ముస్లిం ఇరుగుపొరుగు లేని తెలుగు ఊరేది? తెలియనివాళ్లకు నీ కథే తెలియజేస్తుంది.

రంజాన్ ప్రత్యేక సంచికకు గడువు దగ్గరపడిందని, త్వరగా చెప్పమని రాశావు. గడువు దాటిపోనీ. ఇరవై ఏడో రాత్రి అన్న అధ్యాయం కొట్టేసి, ఆ మధ్య రోజులు రాయి. చెల్లెలి గడప దగ్గర ఆపు. రంజాన్ వెళ్లి షవ్వాల్ నెల వచ్చాక పంపినా చదువుతాను.

దుఆలతో,
మీ అన్న