చైనా సంప్రదాయ వైద్యంతో ఇంట్లోనే సంతాన అవకాశాలు పెంచుకోవచ్చా?

పిల్లల కోసం ప్రయత్నిస్తూ, చైనా వైద్యం ప్రకారం ఇంట్లో ఏం చేయొచ్చని అడిగారు.

ఆ వైద్యం లెక్కలో సంతానశక్తికి మూలం మూత్రపిండాల్లో నిల్వ ఉండే ‘జింగ్’ అనే సారం. నెలసరి ఆలస్యమవుతూ, పొత్తికడుపు, పాదాలు చల్లగా ఉంటే గర్భాశయం చల్లబడిందంటారు. అందుకే అక్కడి ఇళ్లలో ఐసు నీళ్లు, పచ్చివి మానిపించి వేడి గంజి, అల్లం, ఎండు రేగుపళ్లు, నల్ల నువ్వులు పెడతారు. రాత్రిపూట పాదాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచుతారు. ఇవి మామూలుగా హాని చేయవు, నిద్రకూ మంచిదే. గర్భం వస్తుందని మాత్రం రుజువు లేదు. చైనాలోనే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న 1000 మంది స్త్రీలపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఆ వైద్యంలోనిదే అయిన ఆక్యుపంక్చర్ (సన్నని సూదులు గుచ్చే చికిత్స) వల్ల కాన్పులు పెరగలేదు.

మూలికలు మాత్రం ఆన్‌లైన్‌లో కొని వాడకండి, దయచేసి. అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్నవి కిడ్నీలను శాశ్వతంగా దెబ్బతీస్తాయి. డాంగ్ గుయ్ వేరు రక్తాన్ని పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం కావచ్చు.

రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, మీ వయసు 35 దాటితే 6 నెలలకే, డాక్టరును కలవండి. మీవారికీ వీర్యపరీక్ష చేయించండి.