నీటి హక్కు అమ్మి అప్పు తీర్చాలా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని మిల్డ్యూరా దగ్గర మాకు 20 హెక్టార్ల వైన్ ద్రాక్షతోట, దానికి 120 మెగాలీటర్ల (మెగాలీటరు అంటే పది లక్షల లీటర్లు) నీటి హక్కు, అంటే ఏటా నది నీటిలో వాటా పొందే శాశ్వత హక్కు, ఉన్నాయి. పంటకు ధర లేక అప్పు పెరిగింది. నదికి నీరు మళ్ళించడానికి ప్రభుత్వం టెండర్లు పిలిచి హక్కులు కొంటోంది. మొత్తం అమ్మేసి, ఏటా కావలసిన నీటిని బజారులో కొనుక్కోమని స్నేహితుడి సలహా. అమ్మమంటారా?

జవాబు: మీ స్నేహితుడు ఈ లెక్క వానలు దండిగా పడిన ఏడాదిలో వేసి ఉంటారు. 2022 వరదల తర్వాత, హక్కు లేకుండా ఆ ఒక్క ఏడాదికి కొనుక్కునే నీరు మెగాలీటరు 50 ఆస్ట్రేలియా డాలర్లలోపే దొరికింది. 2019-20 కరవులో 800 దాటింది. 120 మెగాలీటర్లకు మొదటి లెక్కన 6,000 డాలర్లు, రెండో లెక్కన 96,000. వరి రైతయితే ఆ ఏడు మడిని బీడు పెడతాడు. ద్రాక్ష తీగను ఒక్క వేసవి ఎండబెట్టినా తోట దెబ్బతింటుంది.

పైగా కొంటున్నది మామూలు బేరగాడు కాదు. ముర్రే, డార్లింగ్ నదులకు నీరు తిరిగి ఇవ్వడానికి 2012లో వచ్చిన ముర్రే-డార్లింగ్ ప్రణాళిక కింద ప్రభుత్వం కొన్న హక్కు నదికే ఉండిపోతుంది, సాగుకు తిరిగి రావడం అరుదు. ఇలాంటి కొనుగోళ్ళకు 2015లో పెట్టిన 1,500 గిగాలీటర్ల (గిగాలీటరు అంటే వెయ్యి మెగాలీటర్లు) పరిమితిని 2023 చివర్లో ఎత్తేశారు. పొరుగువారూ అమ్మేకొద్దీ బజారులో నీరు తగ్గుతుంది. అంటే వచ్చే కరవులో మీరు కొనబోయే నీటి ధరను పెంచేవారిలో మీరూ ఒకరవుతారు.

కాబట్టి గిట్టుబాటు కాని తీగలు పీకేయండి, వాటి నీటినే అమ్మండి. 8 హెక్టార్లు తీసేస్తే మీ వాడకం ప్రకారం సుమారు 48 మెగాలీటర్లు మిగులుతాయి. మిగతా 72 ముట్టుకోవద్దు.

సబ్సిడీతో డ్రిప్ వేసుకుని, ఆదా అయిన నీటిని ప్రభుత్వానికి ఇచ్చే పథకాలు పైకి ఇంతకన్నా తీపిగా కనిపిస్తాయి. ప్రభుత్వానికి మాత్రం నేరుగా కొనడమే చౌక. పొలంలో ఇంకిన నీరు కొంత ఎలాగూ నదికే చేరేది, దాన్ని ఆదా కింద లెక్కకట్టడం నాకు మింగుడుపడదు.

హక్కు అమ్మినా కాలువ సదుపాయం రుసుము ఆగదు. అది భూమితోనే ఉంటుంది. వదిలించుకోవాలంటే ఏడాది రుసుముకు 10 రెట్ల వరకు అడగవచ్చు. మూలధన లాభాల పన్ను వేరే. చిన్న వ్యాపారాల రాయితీ మీకు వర్తిస్తుందో లేదో టెండరు వేయకముందే అకౌంటెంటును అడగండి. హక్కు తాకట్టులో ఉంటే బ్యాంకు అనుమతీ కావాలి. టెండరులో ధర రాయాల్సింది మీరే. గత పదేళ్ళ నీటి బిల్లులు ముందు పెట్టుకుని రాయండి.