సజ్జ మీది బ్యాట్ దించండి

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయి పదో తరగతి. పబ్లిక్ పరీక్షలున్నాయని జూన్‌లోనే ఆటలు మాన్పించాం, బ్యాట్ సజ్జ మీద పెట్టేశాం. సాయంత్రం ట్యూషన్, ఆ తర్వాత ఫోనే లోకం. రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే దుప్పటి లోపల వెలుతురు. మార్కులు తగ్గాయి. ఏమన్నా అంటే కసురుకుంటాడు. ఫోన్ లాక్కుంటే రెండు పూటలు అన్నం తినలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ఫోన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బ్యాట్ గురించి మాట్లాడాలి. నలుగురితో కలిసి పరుగెత్తి, అరిచి, చెమటతో ఇంటికొచ్చే పిల్లవాడికి ఆ కాస్త సమయం లేకుండా పోయింది. ఆ ఖాళీలోకే ఫోన్ వచ్చింది. వాడి చదువు కోసమే చేశారు, మీ ఆరాటం నాకు తెలుసు. కానీ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆటో, వ్యాయామమో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పదో తరగతి పిల్లలకూ అది అవసరమే.

ఇక నిద్ర. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. అసలే ఈ ఈడులో నిద్ర ఆలస్యంగా పడుతుంది, పక్కలో ఫోన్ ఉంటే ఇంకా ఆలస్యం. ఒంటిగంట దాటాక పడుకుని పొద్దున్నే లేచేవాడికి చదివింది తలకెక్కదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. మీ అబ్బాయి విషయంలో నేను ముందు అనుమానించేది దీన్నే.

ఫోన్ వల్లే దిగులు వస్తుందని అందరి విషయంలోనూ చెప్పలేం. దిగులుగా ఉన్న పిల్లలు ఫోన్‌లో తలదాచుకోవడమూ ఉంది. అందుకే లాక్కోవద్దు. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు పెట్టండి, వాళ్ల నాన్నదీ, మీదీ కూడా. వాడొక్కడిదే తీసుకుంటే శిక్ష అనుకుంటాడు. వాట్సాప్‌లో వచ్చే నోట్సు భోజనానికి ముందే రాసుకోమనండి. ట్యూషన్ మాస్టారితో మాట్లాడి ఆలస్యంగా మొదలయ్యే బ్యాచ్‌కి మార్పించండి. అప్పుడు సాయంత్రం ఆటకు వీలవుతుంది. దానికి మన ఊరి ఆర్డీటీ స్టేడియం దాకా వెళ్లనక్కర్లేదు, వీధి చివర ఖాళీ స్థలం చాలు. మన ఎండలు తెలిసినవే కదా, అయిదు దాటాక పంపండి.

రెండు మూడు వారాలైనా గదిలోంచి కదలకపోతే సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. చచ్చిపోతాననే మాట ఏ రూపంలో వచ్చినా, తిండి మళ్లీ మానేసినా అన్నాళ్లు ఆగొద్దు. వెంటనే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

బ్యాట్ ఈ రోజే దించి, దుమ్ము తుడిచి వాడి చేతికివ్వండి. ఇచ్చేటప్పుడు మార్కుల మాట మాత్రం ఎత్తకండి.