పంపు మార్చే ముందు సిలిండర్‌ను అనుమానించండి

మీ పాత ట్రాక్టరు పవర్ స్టీరింగు ఉదయం తేలిగ్గానే తిరుగుతోందనీ, రెండు గంటలు దమ్ము (నీరు పెట్టిన చేనును బురదగా దున్నడం) చేశాక బరువెక్కిపోతోందనీ, మేస్త్రీ స్టీరింగుకు నూనె తోసే పంపు పోయింది మార్చాలంటున్నాడనీ రాసి, మార్చమంటారా అని అడిగారు. ఇప్పుడే మార్చవద్దంటాను. ఇదే జబ్బుకు నేను ఒకసారి పంపు కొని ఉన్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

మాది ఆకివీడు వైపు, నల్ల బంకమట్టి నేల. ట్రాక్టరు 2007లో కొన్నది. కొన్నేళ్ల క్రితం దాళ్వా (రెండో పంట) దమ్ముల్లో, ఎండెక్కిన తర్వాత, చేను చివర మలుపు తిప్పబోతే స్టీరింగు చక్రం నా చేతుల్లో తిరుగుతూనే ఉంది గాని ముందు చక్రాలు సగం తిరిగి ఆగిపోయాయి. క్లచ్ తొక్కేలోపే ట్రాక్టరు బోదె (పంట కాలువ) గట్టెక్కి, ముందు ఇరుసు గట్టు మీద ఆనుకుని నిలిచిపోయింది. దాన్ని వెనక్కి లాగడానికి పక్క చేలోని ట్రాక్టరును బతిమాలుకోవలసి వచ్చింది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటి మీద బతికే మూడు డెల్టాల్లోనూ దమ్ములన్నీ ఒక్కసారే పడతాయి కదా, ఆ రోజుల్లో మేస్త్రీ దొరకడమే గొప్ప. దొరికినవాడు ట్రాక్టరు దగ్గరికి వచ్చి, కనీసం నూనె మూత కూడా విప్పకుండా, "పంపు అరిగిపోయిందండీ" అని తేల్చేశాడు. 9,500 రూపాయలు పెట్టి కొత్త పంపు బిగించాము. మర్నాడు ఉదయం స్టీరింగు వేలితో తిప్పినా తిరిగింది. పది గంటలయ్యేసరికి మళ్లీ పాత కథే. అప్పుడు మేస్త్రీ స్టీరింగు చక్రం కింద ఉండే, నూనెను ఎటు పంపాలో చూసే యూనిట్ మార్చాలన్నాడు.

మమ్మల్ని ఆదుకున్నది పక్కన చేపల చెరువు తవ్వుతున్న పొక్లెయిన్ డ్రైవరు. రోజంతా సిలిండర్లతోనే పని చేసే మనిషి కనుక ఆయన పంపు వైపు చూడనే లేదు. ముందు ఇరుసు దగ్గర కూర్చుని, నూనె ఒత్తిడితో ముందు చక్రాలను తిప్పే స్టీరింగు సిలిండర్ రాడ్డు మీది బురదను గుడ్డతో తుడిచి, దాని మీద గోరు పెట్టి నెమ్మదిగా జరిపాడు. నున్నగా జారవలసిన గోరు రెండు మూడు చోట్ల తట్టుకుంది. క్రోమ్ పూత లేచిపోయి తుప్పు గుంటలు పడ్డాయి. తర్వాత చక్రాలను ఎడమ చివరకంటా తిప్పించి, ఇంజను ఆపించి, సిలిండరుకు ఆ సమయంలో ఒత్తిడి రాని వైపున్న గొట్టాన్ని విప్పి, దాని నోటికి బిరడా బిగించి, తెరిచి ఉన్న రంధ్రం కింద ఖాళీ రంగు డబ్బా పెట్టాడు. ఇంజను మళ్లీ స్టార్టు చేసి, స్టీరింగును ఆ ఎడమ వైపుకే ఇంకా నొక్కి పట్టుకోమన్నాడు. లోపలి పిస్టన్ సీలు బాగుంటే ఆ రంధ్రం నుంచి నూనె దాదాపు రాకూడదు. మాకు డబ్బాలోకి ఎడతెగని ధారగా పడింది, అదీ నీరు కలిసి పాలు ఎక్కువైన టీ రంగులో. ఈ పరీక్ష మీరు చేసేటప్పుడు పొరపాటున స్టీరింగును రెండో వైపుకు తిప్పకండి, వేడి నూనె ముఖాన కొడుతుంది.

ఉదయం బాగుండి ఎండెక్కాక బరువెక్కడానికి కారణం ఇక్కడే ఉంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి, చిరిగిన సీలు పక్క నుంచి కొద్దిగానే జారుతుంది. వేడెక్కి పలచబడితే పంపు తోసిన నూనెలో చాలా భాగం పిస్టన్‌ను నెట్టకుండానే అవతలికి దాటిపోతుంది. అరిగిన పంపు కూడా వేడిలోనే బలహీనపడుతుందన్న మాట నిజమే. అయితే అది ఇంజను వేగం పెంచితే చాలావరకు తేలికపడుతుంది; మాది ఎంత రేజ్ చేసినా తేలికపడలేదు, చివరకంటా తిప్పాక కూడా స్టీరింగు చక్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉండేది. ఆ గుర్తు కనబడితే సిలిండరునో, స్టీరింగు యూనిట్‌నో పట్టుకోవాలి గాని పంపును కాదు.

మన ప్రాంతంలో సిలిండరు ముందు పోవడంలో వింత లేదు. దమ్ములో రాడ్డు బురదలోనే బయటికి వచ్చి, బురదతోనే లోపలికి వెళుతుంది. సాయంత్రం కడగకుండా వదిలేస్తే అది ఎండి గట్టిపడి, మర్నాడు మొదటి మలుపుకే రాడ్డు బయటికి వచ్చే చోటున్న సీలు అంచును గీరేస్తుంది, ఆ సందు నుంచి నీరూ ఇసుకా లోపలికి చేరతాయి. కడిగించేవారిలోనూ చాలామంది సర్వీసింగు షెడ్డులో నీటి గన్నును నేరుగా ఆ సీలు మీదికే పెట్టిస్తారు. అంతకంటే కడగకపోవడమే మేలు.

మేము రాడ్డుకు లేత్ పని, కొత్త క్రోమ్ పూత చేయించి, సీల్ కిట్టు వేయించి, పాత నూనె మొత్తం పారబోసి, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని గుడ్డతో ఎత్తి, ఫిల్టరు మార్చాము. ఆ మురికి నూనెలోనే కొత్త పంపును పది రోజులు తిప్పినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన నూనే పోయండి, ఇంట్లో మిగిలిన ఇంజను ఆయిలు కాదు. తర్వాత ముందు ఇరుసును జాకీ మీద లేపి, ఇంజను తక్కువ వేగంలో ఉంచి స్టీరింగును ఇటు చివర నుంచి అటు చివరకు పది పన్నెండు సార్లు తిప్పితే లోపలి గాలి పోతుంది. నూనె తగ్గినకొద్దీ పోస్తూ ఉండాలి. జాకీ మీద ఉన్నప్పుడే సిలిండరు పిన్ను తీసి ముందు చక్రాన్ని చేత్తో తోసి చూడండి. అప్పుడూ బిగుతుగా ఉంటే ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసు కీళ్లైన కింగ్ పిన్నులకు గ్రీజు అందడం లేదని అర్థం, దానికి నూనెతో సంబంధమే లేదు.

మేము విప్పి పారేసిన పాత పంపును మా చిన్నాన్న గారు అడిగి తీసుకెళ్లి తమ ట్రాక్టరుకు బిగించుకున్నారు. మొన్నటి సార్వా (మొదటి పంట) దమ్ములు కూడా దానితోనే చేశారు.