స్ట్రీమర్ మొరాయిస్తే ముందు నెట్ స్పీడ్‌ని అనుమానించకండి

కొత్త ఇల్లు, కొత్త కనెక్షన్, ముచ్చటపడి కొనుక్కున్న హై-ఫై స్ట్రీమర్, అంటే నెట్‌వర్క్ నుంచి పాటలు తెచ్చి ఆడియో సిస్టమ్‌కి అందించే పెట్టె. ఫోన్‌లో దాని యాప్ తెరిస్తే డివైస్ దొరకలేదంటుంది, లేదా పాట ఆగి ఆగి వస్తుంది. చాలామంది వెంటనే పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. డబ్బు దండగ. సీడీ క్వాలిటీ పాటని కుదించకుండా పంపినా సెకనుకి 1.4 మెగాబిట్లు చాలు, అంతకన్నా నాణ్యమైన 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియోకి 9.2. క్వాలిటీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో అయితే ఇంకా తక్కువ. ఇంట్లో వీడియోలు ఆటంకం లేకుండా ఆడుతుంటే గొడవ లోపలి నెట్‌వర్క్‌లోనే వెతకాలి.

యాప్‌కి స్ట్రీమర్ కనబడకపోతే మొదట ఫోన్, స్ట్రీమర్ రెండింటి ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో వాటి నంబర్లు) చూడండి. ఫోన్‌ది వైఫై వివరాల్లో ఉంటుంది. స్ట్రీమర్‌ది దాని నెట్‌వర్క్ మెనూలో, తెర లేకపోతే రౌటర్ పేజీలోని డివైస్‌ల జాబితాలో దొరుకుతుంది. ఒకటి 192.168.1.23, ఇంకోటి 192.168.0.40 అయితే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా ఒక వైఫై ఇస్తుంది, దానికి తగిలించిన మీ సొంత రౌటర్ మరోటి ఇస్తుంది. "ఇక్కడ స్ట్రీమర్ ఎవరైనా ఉన్నారా" అని యాప్ వేసే కేక రౌటర్ గడప దాటదు. కంపెనీ డబ్బాని రౌటర్ పని మానేసి నెట్‌ని దాటించే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి, లేదా మీ రౌటర్‌ని వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాలి. రెండోదే తేలిక, కస్టమర్ కేర్‌తో తంటా ఉండదు. స్ట్రీమర్ అడ్రస్ 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రసే అందలేదు. కేబుల్ తీసి పెట్టి, రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నా కనబడట్లేదా? ఫోన్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ ఉంటే ఆపండి, దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కీ లోకల్ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఇవ్వాలి. స్ట్రీమర్ అతిథుల కోసం వేరుగా ఉంచే గెస్ట్ వైఫైలో ఉంటే మామూలు వైఫైకి మార్చండి.

అపార్ట్‌మెంట్ వాళ్ల ఉమ్మడి వైఫై అయితే కథ వేరు. లాగిన్ పేజీ తెరవడానికి చాలా స్ట్రీమర్లలో బ్రౌజర్ ఉండదు. ఎలాగో కనెక్ట్ చేసినా, భద్రత కోసం అక్కడ ఒక డివైస్‌కి మరొకటి కనబడకుండా అడ్డుకట్ట వేసి ఉంటారు. చిన్న ట్రావెల్ రౌటర్ కొని, గోడ మీది ఈథర్‌నెట్ పోర్ట్‌కి గానీ ఆ వైఫైకే గానీ కలిపి, ఫోన్‌నీ స్ట్రీమర్‌నీ దాని వెనక పెట్టండి. సొంత రౌటర్‌కి అనుమతి ఉందో లేదో మేనేజ్‌మెంట్‌ని ముందే అడగండి.

ఇక పాట తెగిపోవడం. ఒక సాయంత్రం రౌటర్ నుంచి స్ట్రీమర్‌దాకా నేల మీదే కేబుల్ పరిచి వినండి. అంతరాయం పోతే దోషి వైఫైయే. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్లదాకా పనిచేస్తుంది, "ఆడియోఫైల్" అని రాసిన ఖరీదైన తీగ దీనికి అక్కర్లేదు. కేబుల్ కుదరకపోతే రౌటర్ వైఫై సెట్టింగుల్లో, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 1, 6, 11లో ఖాళీగా ఉన్న ఛానెల్, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 మధ్య పెట్టండి. 52 నుంచి 144 వరకూ ఉన్నవాటిలో చాలా దేశాల్లో రాడార్‌కే ముందు హక్కు. ఆ సంకేతం వినబడగానే రౌటర్ ఛానెల్ వదిలేయాలి, పాట అక్కడే ఆగుతుంది.

ఒక దేశంలో కొన్న పరికరం ఇంకో దేశానికి తీసుకెళ్తే ఇంకో చిక్కు. అమెరికా మోడళ్లు చాలావరకు 12, 13 ఛానెళ్లని చూడవు. యూరప్‌లో రౌటర్ తనంతట తనే 13కి వెళ్తే వైఫై పేరే మాయమవుతుంది. పాత స్ట్రీమర్ పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా ఒప్పుకోకపోతే రౌటర్‌లో వైఫై భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ3 బదులు డబ్ల్యూపీఏ2 పెట్టి చూడండి.

అంతా కుదిరాక రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో స్ట్రీమర్‌కి ఒకే అడ్రస్ కేటాయించండి. పాటల హార్డ్‌డిస్క్ పెట్టి నెట్‌వర్క్‌కి కలిపిన నాస్ పెట్టెకి కూడా అంతే, లేకపోతే కరెంటు పోయి వచ్చిన రోజున లైబ్రరీ ఖాళీగా కనబడొచ్చు.