రోజుకి ఎంతవుతుంది? థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం ఖర్చులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేమిద్దరం 12 రాత్రుల ట్రిప్ అనుకుంటున్నాం. బ్యాంకాక్‌లో 4, సియెమ్ రీప్‌లో 3, నోమ్ పెన్‌లో 1, హో చి మిన్ సిటీలో 4. రోజుకి ఇద్దరికీ ఆరేడు వేలు సరిపోతాయని చుట్టాలంటున్నారు. విమానం టికెట్లు పక్కన పెడితే అంతలో అవుతుందా?
– దంపతులు, రాజమహేంద్రవరం

జవాబు: గది, తిండి, ఊళ్లో తిరుగుడు వరకే అయితే అవుతుంది. అయితే ఒక ఊరి లెక్క పట్టుకుని మూడు దేశాలకూ అదే వేస్తే తప్పుతుంది. ఏ ఊరి లెక్క ఆ ఊరి డబ్బులో వేసి, చివర రూపాయల్లోకి మార్చండి. ఇక్కడ డాలర్ 90 రూపాయలు, థాయ్ బాత్ 2.80, లక్ష వియత్నాం డాంగ్ 345 రూపాయలు అనుకున్నాం. మీరు బయల్దేరే వారం నాటి రేటు వేసుకోండి.

బ్యాంకాక్‌లో శుభ్రమైన మధ్యరకం గది 1,400 బాత్, ఇద్దరి తిండికి 700, మెట్రో, బోటు, ట్యాక్సీలకు 300, నీళ్లు, కాఫీ, చిల్లర ఖర్చులకు 200. మొత్తం 2,600 బాత్, అంటే 7,280 రూపాయలు. సియెమ్ రీప్‌లో గది 28 డాలర్లు, తిండి 22, రోజంతా టుక్‌టుక్ 20, చిల్లర 8. మొత్తం 78 డాలర్లు, 7,020 రూపాయలు. కంబోడియా చవక అనుకుని వెళ్లినవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడ పర్యాటకులకు చెప్పే ధరలన్నీ డాలర్లలోనే ఉంటాయి. నోమ్ పెన్‌కి 70 డాలర్లు, 6,300 రూపాయలు. హో చి మిన్ సిటీలో గది 7 లక్షల డాంగ్, తిండి 5 లక్షలు, గ్రాబ్ (యాప్‌లో పిలిచే ట్యాక్సీ) కారు 2 లక్షలు, చిల్లర లక్షన్నర. 15.5 లక్షల డాంగ్ అంటే సుమారు 5,350 రూపాయలు.

రాత్రుల లెక్కన గుణిస్తే 29,120 + 21,060 + 6,300 + 21,400 = 77,880. రోజుకి దాదాపు 6,490. మీ చుట్టాలు చెప్పింది ఇదే.

ఇందులో లేనివి ఇప్పుడు చేర్చండి. కంబోడియా టూరిస్టు వీసా మనిషికి 30 డాలర్లు, వియత్నాం ఈ-వీసా 25. ఇద్దరికీ కలిపి 9,900 రూపాయలు. సియెమ్ రీప్ దగ్గరి అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి కొనే పాస్ ఒక రోజుది 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. రెండు రోజుల పాస్ లేదు. కాబట్టి రెండు రోజులు చూడాలన్నా 62 డాలర్లదే కొనాలి, విడివిడిగా రెండు కొంటే 74 అవుతుంది. ఆ మూడు రోజులూ వరసగా ఉండనక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఇద్దరికీ 124 డాలర్లు, 11,160 రూపాయలు. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ మనిషికి 500 బాత్, ఇద్దరికీ 2,800 రూపాయలు. ఇవన్నీ కలిపితే 23,860. దీన్ని 12 రోజులకు పంచితే రోజు ఖర్చు 6,490 నుంచి 8,480కి చేరుతుంది. థాయ్‌లాండ్ వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి ఇందులో కలపలేదు, టికెట్ కొనేముందు చూసుకోండి. 2025 మే నుంచి అక్కడ దిగేవాళ్లు నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం ఉచితం. దానికి డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

ఇక ఊరు మారే రోజు. గది పదకొండుకో పన్నెండుకో ఖాళీ చెయ్యాలి, అవతలి ఊళ్లో రెండుకి గానీ ఇవ్వరు. ఈలోపు ఎయిర్‌పోర్టు తిండి, రెండు వైపులా కారు. బ్యాంకాక్‌లో బడ్జెట్ విమానాలు ఎక్కువగా డాన్ ముయాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరతాయి, మీరు దిగేది రెండో ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో కావచ్చు. సియెమ్ రీప్ పాత ఎయిర్‌పోర్టు ఊరి పక్కనే ఉండేది. 2023 అక్టోబరులో తెరిచిన కొత్తది దాదాపు 50 కిలోమీటర్ల దూరం. పాత లెక్కల్లో కనిపించే టుక్‌టుక్ ఛార్జీని నమ్ముకోకండి. బస్సు, విమానం టికెట్లు కాకుండానే, ఊరు మారే ప్రతి రోజుకీ అదనంగా 3,000 రాసుకోండి.

బ్యాంకాక్ నుంచి సియెమ్ రీప్‌కి బస్సులో వెళ్లొచ్చన్న సలహా కూడా పాతదే. రెండు దేశాల గొడవతో 2025 జూన్ నుంచి ఆ సరిహద్దు మూతపడింది. తెరిచినట్టు ఖాయంగా తెలిస్తే తప్ప విమానం ఖర్చే వేసుకోండి. నోమ్ పెన్ నుంచి హో చి మిన్‌కి బావెత్–మోక్ బాయ్ సరిహద్దు మీదుగా బస్సు ఉంది, ఆరేడు గంటలు. ఆ బస్సే ఎక్కేటట్లయితే ఈ-వీసా దరఖాస్తులో ప్రవేశ ద్వారం దగ్గర మోక్ బాయ్ అని ఎంచుకోండి. అక్కడ ఎయిర్‌పోర్టు పేరు పెట్టి బస్సులో వెళ్తే చిక్కు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి. తప్పు పోయినా ఫీజు తిరిగి రాదు, మళ్లీ 25 డాలర్లు కట్టాల్సిందే.

మొత్తం మీద పది శాతం వేరే పెట్టండి. అది షాపింగ్‌కి కాదు.

ప్రశ్న: నగదు ఎంత తీసుకెళ్లాలి? కార్డు ఒక్కటీ చాలదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదు. హోటళ్లకీ, అంగ్‌కోర్ పాస్‌కీ, మాల్స్‌కీ కార్డు చెల్లుతుంది. టుక్‌టుక్‌కీ, వీధి తిండికీ నగదు కావాలి. మామూలు క్రెడిట్ కార్డుకి విదేశీ మార్కప్ (బయటి దేశంలో వాడినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. 50,000 వాడితే 2,065 రూపాయలు అలా పోతాయి. మార్కప్ లేని కార్డు దొరికితే అదే తీసుకోండి. మెషీన్ "రూపాయల్లో కడతారా, ఇక్కడి డబ్బులోనా" అని అడిగితే అక్కడి డబ్బే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే రేటు ఆ దుకాణపు బ్యాంకు ఇష్టం.

థాయ్ ఏటీఎంలు చాలావరకు విదేశీ కార్డుకి ప్రతిసారీ 220 బాత్‌కి తగ్గకుండా లాగుతాయి. 2,000 బాత్ తీస్తే పదకొండు శాతం పోయినట్టు, 20,000 తీస్తే ఒక్క శాతం చిల్లర. అందుకని తక్కువసార్లు, ఎక్కువ మొత్తం.

కంబోడియాకి డాలర్లు ఇక్కడినుంచే పట్టుకెళ్లండి. ఫారెక్స్ కౌంటర్లో వంద నోట్లు అంటగడతారు. 1, 5, 10, 20 నోట్లు అడిగి తీసుకోండి, ఒక్కో నోటూ వెలుతురుకి ఎత్తి చూడండి. అంచున అర సెంటీమీటరు చిరుగున్నా, సిరా గీత ఉన్నా సియెమ్ రీప్‌లో తీసుకోరు. మీరు మాత్రం చిల్లరలో వచ్చిన చిరిగిన నోటుని మొహమాటపడి జేబులో పెట్టుకుంటే, అది మళ్లీ చెల్లదు. డాలర్ కంటే తక్కువ చిల్లర కంబోడియా డబ్బు రియల్‌లో వస్తుంది, సుమారు 4,000 రియల్ ఒక డాలర్. దేశం దాటాక వాటిని మార్చేవాళ్లు దొరకడం కష్టం, సరిహద్దు ముందే టీ, బిస్కెట్లకి వాడేయండి.

వియత్నాంలో 20,000, 5 లక్షల డాంగ్ నోట్లు రెండూ నీలి రంగే. చీకట్లో ట్యాక్సీ దిగుతూ ఇస్తే సుమారు 69 రూపాయల చోట 1,725 పోతాయి. 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో ఉంచండి.

ప్రశ్న: అమ్మానాన్నలు శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. తిండి ఖర్చు ఎంత పెరుగుతుంది?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మూడు పూటలా ఇండియన్ రెస్టారెంటే అయితే పైన వేసిన తిండి లెక్కని రెట్టింపు చెయ్యండి. అంత అక్కర్లేదు. బ్యాంకాక్‌లో పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో "జే" అని ఉన్న కొట్లలో మాంసం, చేప, ఫిష్ సాస్, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయరు. ధర మామూలు వీధి తిండిదే. వియత్నాంలో "చాయ్" (chay, టీ కాదు, శాకాహారం అని) అన్న బోర్డు వెతకండి, మాంసం, చేప ఉండవు కానీ ఉల్లి వెల్లుల్లి సంగతి అడగాలి. కంబోడియాలో ఇవి తక్కువ, అక్కడ మాత్రం రెట్టింపు లెక్కే వేసుకోండి.

కెటిల్ ఉన్న గది తీసుకుంటే ఉదయం పూట రెడీమిక్స్ ఉప్మాతో గడిచిపోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి కూడా తీసుకెళ్లొచ్చు. ఆవకాయ చేతి సంచీలో కుదరదు, నూనె ఉన్న పచ్చడిని ద్రవం కిందే చూస్తారు. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాని సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. చెకిన్ బ్యాగులో వెయ్యాలంటే, 7 కిలోల చేతి సంచీ మాత్రమే ఉన్న బడ్జెట్ టికెట్లో ఆ బ్యాగే ఉండదు. బ్యాగేజీ టికెట్‌తో పాటే కొనండి. కౌంటర్ దగ్గర కొంటే చాలా ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: ఒక్కడినే వెళ్తే పై లెక్కలో సగమేనా?
– విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కాదు. తిండి, పాస్, వీసా సగమవుతాయి. గది, టుక్‌టుక్ కావు. సియెమ్ రీప్ లెక్కే చూడండి: చిన్న గది 22, తిండి 11, టుక్‌టుక్ 20, చిల్లర 4, మొత్తం 57 డాలర్లు. ఇద్దరి ఖర్చులో సగం 39. హాస్టల్లో డార్మ్ (పలువురు పంచుకునే గది) మంచం తీసుకుని, అక్కడే ఇంకో ఇద్దర్ని టుక్‌టుక్‌కి కలుపుకుంటే 39 కంటే కిందికే తేవచ్చు. బంతీయ్ స్రే గుడి ఊరికి 35 కిలోమీటర్ల పైనే ఉంది, మామూలు టుక్‌టుక్ రౌండులో రాదు. ఆ అదనపు బాడుగ ఎక్కకముందే మాట్లాడుకోండి.