పోయినేడాది పాయింట్లకు ఈ ఏడాది ఖరీదు కట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసు వాళ్ళ ఫాంటసీ ఫుట్‌బాల్ లీగులో చేరావట, అక్క చెప్పింది. అదే, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అసలు ఆటగాళ్ళతో కాగితం మీద టీము కట్టుకుని, మైదానంలో వాళ్ళు చేసినదానికి పాయింట్లు లెక్కేసుకునే ఆట. ఆ బంతి గుండ్రంగా కూడా ఉండదు, వీడికేం తెలుసని చేరాడూ అని ఆవిడ బెంగ. నేను మాత్రం మంచి పనే చేశావంటాను. సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడి ఆఫీసుల్లో సోమవారం కబుర్లన్నీ దీని చుట్టూనే. లీగులో ఉన్నవాడు మాట కలపడానికి మొహమాటపడక్కర్లేదు. డల్లాస్ పక్కనున్న మా ఫ్రిస్కోలో కౌబాయ్స్ టీము హెడ్‌క్వార్టర్స్ ఊళ్ళోనే ఉండేసరికి మనవాళ్ళు చాలామందికి ఈ పిచ్చి అలాగే అంటుకుంది.

డ్రాఫ్ట్, అంటే లీగులోవాళ్ళు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే రాత్రి, ఆగస్టు చివర్లో కదా, బోలెడు టైముంది అని కూర్చోకు. అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండు. ఆ రాత్రి ఒక్కొక్కణ్ణి ఎంచుకోవడానికి నీకిచ్చేది నిమిషమో నిమిషంన్నరో. గడియారం తిరుగుతుంటే, పక్కన పదకొండు మంది వెటకారం చేస్తుంటే ఆలోచన సాగదు. ఆలోచించాల్సిందంతా ఈ ఖాళీ నెలల్లోనే ఆలోచించుకోవాలి.

ముందు బుర్రలోంచి డ్రీమ్11 అలవాటు తీసెయ్. అక్కడ కోహ్లీని నువ్వూ పెట్టుకోవచ్చు, నేనూ పెట్టుకోవచ్చు. మ్యాచ్ అయిపోతే టీమూ అయిపోతుంది. ఇక్కడ ఒక ఆటగాడు లీగు మొత్తానికీ ఒక్కడి దగ్గరే ఉంటాడు, సీజనంతా కాపురం వాడితోనే. అందుకని ఎవడు గొప్ప అని అడిగితే సరిపోదు. వీణ్ణి ఇప్పుడు వదిలేస్తే నా వంతు మళ్ళీ వచ్చేసరికి వీడిలాంటివాడు ఇంకొకడు మిగులుతాడా అని అడగాలి. డ్రాఫ్టంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

యాప్‌లో మీ లీగు సెట్టింగ్స్ తెరిచి పాయింట్ల పట్టిక చదువు. చాలామంది ఇది చదవకుండానే డ్రాఫ్ట్‌కి వచ్చేస్తారు. మామూలుగా పరుగెత్తినా, బంతి పట్టినా పది యార్డులకు ఒక పాయింటు, బంతిని అవతలి గోల్ లైన్ దాటించే టచ్‌డౌన్‌కి ఆరు. పీపీఆర్ (పాయింట్ పర్ రిసెప్షన్) లీగయితే పట్టిన ప్రతి క్యాచ్‌కీ ఇంకో పాయింటు. వినడానికి చిన్న తేడాయే, లెక్క వేస్తే తెలుస్తుంది. 2024లో సిన్సినాటి రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) జమార్ చేస్ 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, 17 టచ్‌డౌన్లు. అదే ఏడు ఫిలడెల్ఫియా రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) సేక్వాన్ బార్క్లీ పరుగుల్లో 2,005 యార్డులు, 33 క్యాచ్‌ల మీద 278 యార్డులు, అన్నీ కలిపి 15 టచ్‌డౌన్లు. బంతి చేజారే ఫంబుల్స్ లాంటి చిల్లర వదిలేస్తే, క్యాచ్‌కి పాయింటు లేని లీగులో బార్క్లీకి దాదాపు 318, చేస్‌కి 273. పీపీఆర్‌లో చేస్‌కి 400, బార్క్లీకి 351. అదే ఇద్దరు, అదే ఆట. ఎవడు ముందన్నది మాత్రం మీ లీగు పెట్టుకున్న రూలును బట్టి మారిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో జాబితా ప్రింట్ తీసుకుని వచ్చేవాడు ఇక్కడే దెబ్బ తింటాడు. ఆ జాబితా ఏ రూలు మీద తయారైందో వాడు చూసుకోడు.

ఇక అసలు విషయం. కొత్తవాళ్ళందరూ పోయిన సీజన్ పాయింట్ల వరుస చూసి ఆ వరుసలోనే కొంటారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది ఆ వ్యవహారం. నువ్వు చూడాల్సింది రాబోయే పదిహేడు ఆటల్లో వాడి చేతికి బంతి ఎన్నిసార్లు వస్తుంది అని. రన్నింగ్ బ్యాక్‌కయితే చేతికిచ్చే బంతులు, విసిరే బంతులు. రిసీవర్‌కయితే వాడి వైపు విసిరినవి, వీటినే టార్గెట్లు అంటారు. యార్డులు కొంతవరకు వీటి వెంటే వస్తాయి. టచ్‌డౌన్లను మాత్రం అస్సలు నమ్మకు. ఒక ఏడు వర్షంలా కురుస్తాయి, మరుసటేడు చుక్క రాలదు.

అప్పటి మయామీ రన్నింగ్ బ్యాక్ రహీమ్ మోస్టర్ట్‌ని చూడు. 2023లో 209 సార్లు బంతి తీసుకుని 18 టచ్‌డౌన్లు కొట్టాడు, క్యాచ్‌ల మీద ఇంకో మూడు. అప్పటికే వాడికి ముప్పై ఒకటి. అదే టీములో డెవాన్ అచేన్ అనే కుర్రాడు 103 సార్లు పరుగెత్తి 800 యార్డులు తీశాడు. అంటే సారికి దాదాపు ఎనిమిది! ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఎవడి పని ఎవడికి పోబోతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. 2024లో మోస్టర్ట్‌కి వచ్చినవి రెండే టచ్‌డౌన్లు. మొత్తం పాయింట్లు మాత్రమే చూసి కొన్నవాళ్ళు నవంబరులో లబోదిబోమన్నారు.

ఆఫ్‌సీజన్‌లో చూడాల్సిన ఘట్టాలు మూడు. మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయిపోయినవాళ్ళు టీములు మారే సమయం. ఏప్రిల్ చివర్లో ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు) వాళ్ళ అసలు డ్రాఫ్ట్, ఏడు రౌండ్లు, కాలేజీ కుర్రాళ్ళు వచ్చేది అప్పుడే. జులై ఆఖర్న ట్రైనింగ్ క్యాంపులు. నా మటుకు నాకు మార్చి నెలే ముఖ్యం. ఒక టీము ఒకడికి ఎంత డబ్బు ఇచ్చిందో చూస్తే వాడి చేతికి ఎంత పని పెట్టబోతోందో తెలిసిపోతుంది. కోచ్ మైకు ముందు ఎన్నైనా చెబుతాడు, చెక్కు మీద సంతకం పెట్టాక మాట మార్చడం కష్టం.

2024 మార్చిలో బార్క్లీ న్యూయార్క్ జెయింట్స్ నుంచి ఫిలడెల్ఫియాకి వెళ్ళాడు. ముందు ఏడాది జెయింట్స్‌లో వాడు తీసింది 962 యార్డులే. కాళ్ళు అవే. ముందు నిలబడి దారి చేసే ఆఫెన్సివ్ లైన్ మారింది. అప్పుడు చాలామంది ఏమన్నారంటే, గోల్ లైన్ దగ్గర క్వార్టర్ బ్యాక్ (బంతి విసిరేవాడు) జేలెన్ హర్ట్స్ తనే తోసుకుంటూ వెళ్ళిపోతాడు, బార్క్లీకి టచ్‌డౌన్లు మిగలవు అని. వాళ్ళు అన్నట్టే హర్ట్స్ పరుగులతోనే 14 టచ్‌డౌన్లు తీసుకున్నాడు. అయినా బార్క్లీ రెండు వేల యార్డులు దాటాడు. పని దండిగా ఉన్న ఇంట్లో ఇద్దరికీ సరిపడా దొరికింది.

అదే మార్చిలో డెరిక్ హెన్రీ బాల్టిమోర్‌కి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళ రన్నింగ్ బ్యాక్ జోలికి పోవద్దని శాస్త్రం. వాడు 1,921 యార్డులు, 16 టచ్‌డౌన్లు తీసి శాస్త్రాన్ని పక్కన పెట్టాడు. అలాగని వయసు చూడొద్దనటం లేదు. ఇరవై ఏడు దాటిన రన్నింగ్ బ్యాక్ అంటే నేనూ ఒక రౌండు వెనక్కి జరుపుతాను. కానీ పక్కన తనూ పరుగెత్తగల క్వార్టర్ బ్యాక్ లమార్ జాక్సన్ లాంటివాడుంటే డిఫెన్సు ఇద్దర్నీ కనిపెట్టుకుని ఉండాలి, ఆ సందు హెన్రీకి చాలు. వయసు ఒక్కటే చూసి కొట్టేసినవాడు చుట్టూ ఏముందో చూడలేదు.

పాత పేరు చూసి మురిసిపోయే జబ్బుకి మా డల్లాసే పెద్ద ఆసుపత్రి. ఆ ఏడే పాత రన్నింగ్ బ్యాక్ ఎజెకీల్ ఎలియట్ కౌబాయ్స్‌కి తిరిగొచ్చాడు. మా ఊరి లీగుల్లో జెర్సీలు తొడుక్కుని మరీ వాణ్ణి కొన్నారు. సీజనంతా కలిపి వాడికొచ్చినవి 226 యార్డులు. పక్కన పెద్దగా ఎవరూ పట్టించుకోని రికో డౌడల్ వెయ్యి దాటేశాడు. నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావో ఆ ఊరి టీమువాళ్ళు మీ లీగులో ఎప్పుడూ ఒక రౌండు ముందే అమ్ముడుపోతారు. పోనీ. వాళ్ళు అలా ఎగబడుతుంటే నీ ముందుకి ఇంకెవడో మంచివాడు జారుకుంటూ వస్తాడు.

ఒక మెలిక కూడా చెప్పాలి. పెద్ద రిసీవర్ వెళ్ళిపోతే వాడి టార్గెట్లన్నీ వాడి స్థానంలో వచ్చినవాడికే పోతాయని అనుకుంటారు. 2024లో బఫలో నుంచి స్టెఫాన్ డిగ్స్ వెళ్ళిపోయాడు, గేబ్ డేవిస్ కూడా వెళ్ళాడు. రెండో రౌండు మొదట్లో తీసుకున్న కొత్త కుర్రాడు కియాన్ కోల్‌మన్‌కే పండగ అనుకున్నారు. వాడికి 29 క్యాచ్‌లు దక్కాయి. ముందునుంచీ అక్కడే ఉండి, క్వార్టర్ బ్యాక్ జాష్ ఆలెన్ చూపు ఎటుందో ఎరిగిన ఖలీల్ షకీర్ 76 పట్టాడు. కొత్త కోడలి కంటే ఇంట్లో ఉన్న కూతురికే ముందు వడ్డించారు.

క్యాంపు వార్తలు ఎలా చదవాలో కూడా చెబుతాను. ప్రతి జులైలోనూ ప్రతి ఆటగాడూ జీవితంలోనే బెస్ట్ ఫిట్‌నెస్‌లో ఉన్నాడని రాస్తారు. అది చదవకపోయినా నష్టం లేదు. మొదటి వరుసతో ఎవరు ప్రాక్టీసు చేస్తున్నారు, దెబ్బ తగిలి ఎవరు పక్కన కూర్చున్నారు అన్న రెండూ చూడు. ప్రీసీజన్ ఆటల్లో ఇంకో చిత్రముంది. అందులో బాగా ఆడినవాడి కంటే అసలు దింపనివాణ్ణి గమనించు. కొత్త కుర్రాణ్ణి సీనియర్లతో పాటు బెంచీ మీద భద్రంగా కూర్చోబెట్టారంటే, కోచ్ వాణ్ణి అప్పుడే మొదటి వరుసలో లెక్కేసుకున్నాడని అర్థం.

దెబ్బల సంగతి చిన్నగా తీసిపారెయ్యకు. 2024లో చాలా లీగుల్లో మొట్టమొదట అమ్ముడుపోయినవాడు శాన్ ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ. ఆగస్టులోనే పిక్క నొప్పి అని వార్త వచ్చింది, ఏం ఫర్వాలేదన్నారు. మొదటి వారం సోమవారం రాత్రి ఆటకి సరిగ్గా ముందు వాడు ఆడటం లేదని తేలింది. వాడి బదులు దిగిన జోర్డన్ మేసన్ 28 సార్లు పరుగెత్తి 147 యార్డులు తీశాడు. మెకాఫ్రీ ఆ సీజన్లో ఆడింది నాలుగే ఆటలు. మొదటి రౌండులో రన్నింగ్ బ్యాక్‌ని తీసుకుంటే వాడి వెనక ఎవడున్నాడో ముందే పేరు రాసి పెట్టుకుని, ఆఖరి రౌండ్లలో వాణ్ణీ నీ బెంచీ మీదకి లాక్కో.

ఇప్పుడు డ్రాఫ్ట్ రాత్రి. మీది స్నేక్ డ్రాఫ్టే అయ్యుంటుంది, అంటే ఒక రౌండు మొదటివాడి నుంచి చివరివాడికి, తర్వాతది చివరివాడి నుంచి మొదటివాడికి. పన్నెండు మందిలో నీది ఒకటో నంబరైతే మళ్ళీ నీ వంతు 24, వెంటనే 25. ఆరో నంబరైతే 6, 19, 30. ఒకటో నంబరు అదృష్టమే కానీ ఆ తర్వాత ఇరవై రెండు మంది కళ్ళముందే వెళ్ళిపోతారు, నువ్వు చూస్తూ కూర్చోవాలి. అందుకే పేర్లను ఒకటి నుంచి రెండొందల దాకా బారుగా రాయకు. ఒక తెల్లకాగితం తీసుకో. రన్నింగ్ బ్యాక్‌లకి ఒక నిలువు వరుస, రిసీవర్లకి ఒకటి, క్వార్టర్ బ్యాక్‌లకి, టైట్ ఎండ్‌లకి (దారీ చేస్తూ బంతీ పట్టేవాళ్ళు) చెరొకటి. పై నుంచి కిందికి రాస్తూ, పైవాడికీ కిందివాడికీ మధ్య గట్టి తేడా కనిపించినచోట పెన్సిల్‌తో అడ్డగీత గియ్. నీ వంతు వచ్చేసరికి ఏ వరుసలో గీతకి పైన ఒక్కడే మిగిలాడో వాణ్ణి తీసుకో. గీతకి పైన అయిదుగురు ఉన్న వరుసని తాపీగా వదిలెయ్, నీ వంతు మళ్ళీ వచ్చినా ఒకరిద్దరు దొరుకుతారు. యాప్‌లో ఏడీపీ అని ఒక అంకె కనిపిస్తుంది, జనం ఒక్కొక్కణ్ణి సగటున ఎన్నో నంబరు దగ్గర తీసుకుంటున్నారో చెప్పేది. వాడు గొప్పవాడా కాదా అన్నది అందులో ఉండదు. వాడి కోసం ఎంతసేపు ఆగొచ్చో తెలుసుకోవడానికి మాత్రం అది వాడుకో.

పీపీఆర్ లీగైతే నేను చేసేది ఇది. మొదటి రెండు రౌండ్లలో గట్టి రన్నింగ్ బ్యాక్ ఒకణ్ణి పట్టుకుంటాను, తర్వాత మూడు నాలుగు రౌండ్లు వరసగా రిసీవర్లు. అసలు రన్నింగ్ బ్యాక్‌లే వద్దు, తర్వాత ఏరుకుందాం అనే ధైర్యవంతులూ ఉన్నారు. మొదటి ఏడాదే ఆ టెన్షన్ నీకెందుకు?

క్వార్టర్ బ్యాక్ కోసం తొందరపడకు. వారానికి ఒక్కణ్ణే ఆడించాలి, పన్నెండు టీములకి కావలసింది పన్నెండు మందే. 2024లో డ్రాఫ్ట్ చివర్లో ఊరికే దొరికిన టాంపా టీము క్వార్టర్ బ్యాక్ బేకర్ మేఫీల్డ్ 4,500 యార్డులు, 41 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. అయితే మీ లీగులో వారానికి ఇద్దరు క్వార్టర్ బ్యాక్‌లని ఆడించే రూలుంటే ఇదంతా తిరగరాసుకోవాలి, అప్పుడు మొదటి రౌండులోనే ఎగబడతారు. టైట్ ఎండ్‌లలో కూడా మధ్యరకానికి డబ్బు పోయకు. 2024లో లాస్ వేగస్ కొత్త కుర్రాడు బ్రాక్ బవర్స్ 112 క్యాచ్‌లు పట్టాడు. అలాంటివాడు దొరికితే ముందే తీసుకో, లేదంటే చివరిదాకా ఆగు. కిక్కర్, డిఫెన్సు (ఒక టీములో అడ్డుకునేవాళ్ళంతా కలిపి ఒకే ఎంపిక) ఆఖరి రెండు రౌండ్లలో. బై వీక్‌లు (టీముకి ఆట లేని వారాలు) కలుస్తున్నాయని మంచివాణ్ణి వదులుకోకు, ఒక వారం ఓడితే కొంప మునగదు.

బెంచీ మీద మాత్రం ‘పర్లేదు’ అనిపించేవాళ్ళని నింపకు. ఎవడికైనా దెబ్బ తగిలితే ఒక్కసారిగా పైకొచ్చేవాళ్ళని పెట్టుకో. డ్రాఫ్ట్ అయిపోయాక కూడా పని ఉంటుంది. 2023లో లాస్ ఏంజెలెస్ రామ్స్ అయిదో రౌండులో, 177వ నంబరుగా తీసుకున్న పూకా నకువా పేరు చాలా లీగుల్లో ఎవరూ పలకనే లేదు. అదే టీములో పెద్ద రిసీవర్ కూపర్ కప్‌కి తొడ కండరం పట్టేసింది, మొదటి వారమే పూకా పది క్యాచ్‌లు, 119 యార్డులు. ఆ బుధవారం వేవర్‌లో, అంటే ఎవరి టీములోనూ లేని ఆటగాళ్ళని తీసుకునే చోట, డబ్బు పెట్టినవాళ్ళకి 1,486 యార్డుల ఆటగాడు దొరికాడు. మీ లీగులో వంద డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్ ఇస్తే, ఇలాంటివాడు మొదటి రెండు మూడు వారాల్లో కనపడగానే సగం దాకా పెట్టెయ్. డిసెంబరు దాకా దాచుకున్న డబ్బుతో కొనడానికి ఎవరూ మిగలరు.

సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ ఇవాళే పంపించు, డ్రాఫ్ట్ నంబరు తెలియగానే అదీ చెప్పు. నీ కాగితం నువ్వే రాసుకో, నాది అడగకు. రాశాక ఫొటో తీసి పెడితే గీతలు ఎక్కడ గీశావో చూస్తాను.

ఇట్లు,
మామయ్య